టెక్సాస్ బార్బెక్యూ కొట్టుకి మొదటిసారి వెళ్తున్నారా?

బార్బెక్యూ అనగానే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన మనకి టేబుల్ మధ్యలో నిప్పుల పెట్టె, దాని మీద చువ్వలకి గుచ్చిన పనీరు, రొయ్యలు, చికెన్ ముక్కలు గుర్తొస్తాయి. చాలు బాబూ అనేదాకా తెచ్చి పెడుతూనే ఉంటారు. అదే ఊహతో టెక్సాస్‌లో బార్బెక్యూ కొట్టు తలుపు తోశారంటే మొదటి ఐదు నిమిషాలు అయోమయమే. రండి, కూర్చోండి అనేవాళ్లుండరు. మెనూ కార్డు చేతికి రాదు. చాలాచోట్ల కంచం కూడా ఉండదు. ఒక క్యూ, క్యూ చివర మందపాటి చెక్క బల్ల, దాని వెనక గ్లవ్స్ తొడుక్కుని పొడవాటి కత్తి పట్టుకున్న మనిషి. అంతే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఏం కావాలని అడిగితే "ఫోర్ బ్రిస్కెట్" అన్నాను. బ్రిస్కెట్ అంటే పొగలో వండిన బీఫ్. నా ఉద్దేశం నాలుగు ప్లేట్లని. "ఫోర్ పౌండ్స్?" అన్నాడు, అంటే రెండు కిలోలకి కాస్త తక్కువ. వెనక పాతికమంది నిలబడి ఉన్నారు, టెన్షన్‌లో తలూపేశాను. మేం వెళ్లింది నలుగురం, అందులో ఇద్దరు పిల్లలు. పక్క వంటలు, టాక్స్ కలిపి బిల్లు 150 డాలర్లు దాటింది. మూడు రోజులపాటు ఇంట్లో పొద్దున, రాత్రి అదే తిండి.

తర్వాత అర్థమైంది, నేను వెళ్లింది హోటల్ అనుకుని. అది హోటల్ కాదు, ఆదివారం పొద్దున మన మటన్ కొట్టు. అక్కడ "అన్నా, తొడలో అరకిలో కొట్టు, కొవ్వు తీసెయ్, నల్లి ఒకటి వెయ్" అని ఎలా చెప్పి చేయించుకుంటామో ఇక్కడా అంతే. తేడా ఒక్కటే, మాంసం అప్పటికే వండి ఉంటుంది.

ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, నిజంగానే ఇవి మాంసం కొట్లుగా మొదలయ్యాయి. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి, చెక్ ప్రాంతాల నుంచి మధ్య టెక్సాస్‌కి వలస వచ్చిన కసాయివాళ్లు అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి, సాసేజ్‌లు చేసి అమ్మేవాళ్లు. పత్తి తీయడానికి వచ్చిన కూలీలు దాన్ని తూకం వేయించుకుని, చుట్టిచ్చిన కాగితం మీదే పెట్టుకుని అక్కడికక్కడే తినేసేవాళ్లు. పౌండు లెక్క, గోధుమరంగు కాగితం, పక్కన బ్రెడ్డు అన్నీ ఆ రోజుల నుంచి మిగిలినవే. ఆస్టిన్‌కి దక్షిణాన లాక్‌హార్ట్ అనే చిన్న ఊరుంది. అక్కడి క్రైట్స్ (Kreuz) మార్కెట్ 1900లో మొదలైంది, పేరులో ఇప్పటికీ 'మార్కెట్' అనే ఉంది. ఇక దక్షిణాది రాష్ట్రాలన్నిటా గుంటలు తవ్వి రాత్రంతా నిప్పుల దగ్గర కూర్చుని మాంసం కాల్చే విద్య నల్లవాళ్లది. బానిసత్వం రోజుల నుంచి ఆ పని చేస్తూ వచ్చింది వాళ్లే. పేరు మాత్రం చాలాకాలం ఇతరులకి దక్కింది.

ముందు టైం చూసుకోండి

రాత్రి ఎనిమిదికి తాపీగా వెళ్దాం అనుకుంటే ఖాళీ బల్లలే కనబడతాయి. బ్రిస్కెట్ అంటే ఆవు లేక ఎద్దు ఛాతీ మాంసం. రోజంతా బరువు మోసే కండ కాబట్టి మహా గట్టిది. దాన్ని 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య, పొగలో, 12 గంటలకి పైగానే ఉంచాలి. అప్పుడుగానీ కండని పట్టి ఉంచే గట్టి పీచు కరిగి జిగురవదు. ఈ రోజు అమ్మేది నిన్న పొయ్యిలో పెట్టిందే. అయిపోతే మళ్లీ వండటం ఎవరి తరమూ కాదు. అందుకే మంచి కొట్లలో మధ్యాహ్నం రెండింటికే 'సోల్డ్ అవుట్' బోర్డు పెట్టేస్తారు.

కాబట్టి పదకొండుకి తెరుస్తారంటే పదిన్నరకే అక్కడుండండి. సోమ, మంగళవారాలు మూసి ఉంచే కొట్లు చాలా ఉన్నాయి, ఫోన్‌లో చూసుకునే బయల్దేరండి. ఆస్టిన్‌లో ఫ్రాంక్లిన్ లాంటి పేరున్న చోట తెరవడానికి గంటల ముందు నుంచే మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. లెక్సింగ్టన్ అనే పల్లెలో స్నోస్ అని ఒకటుంది. అది వారానికి శనివారం ఒక్కరోజే, అదీ పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. పొద్దున్నే మాంసమా అనిపిస్తుంది గానీ, పాయాతో ఇడ్లీ తినే మనకి అదేం వింత. నా మాట వింటే మొదటిసారి మాత్రం ఇలాంటి ప్రసిద్ధ కొట్లకి వెళ్లకండి. మూడు గంటలు ఎండలో నిలబడి, కౌంటర్ దగ్గర ఏం అడగాలో తెలియక బిక్కమొహం వేయడం దేనికి? మీ ఊళ్లోనే ఓ మోస్తరు కొట్టుకి, మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి.

లోపలికి వెళ్లకముందే ఒక పరీక్ష ఉంది. కారు దిగగానే కట్టెల పొగ వాసన రావాలి. వెనకాల కట్టెల దొంతర కనబడాలి. రెండూ లేకపోతే నేనైతే కారు వెనక్కి తిప్పుతాను. మధ్య టెక్సాస్‌లో పోస్ట్ ఓక్ కట్టెలు వాడతారు, టెనెస్సీ వైపు హిక్కరీ. పడమటి టెక్సాస్‌లో వాడే మెస్కీట్ ఎవరో కాదు, మన ఊళ్లలో చెరువు గట్ల మీద, బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. దాని పొగ ఘాటుగా ఉంటుంది.

ఏ రాష్ట్రంలో ఉన్నారో మర్చిపోకండి

టెక్సాస్‌లోని డాలస్‌లో నేర్చుకున్న పాఠం నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పనికిరాదు. టెక్సాస్‌లో రాజు బ్రిస్కెట్. నార్త్ కరోలినాలో ఉట్టి 'బార్బెక్యూ' అంటేనే పంది మాంసం. బోర్డు మీద 'బార్బెక్యూ శాండ్‌విచ్' అని మాత్రమే రాసుంటే అది పోర్కే, ఇంకేం అడగక్కర్లేదు. అది తెలియక కొరికాక బాధపడినవాళ్లు నాకు తెలుసు. ఆ రాష్ట్రం తూర్పు వైపు పందిని మొత్తంగా కాల్చి, సన్నగా తరిగి, వెనిగర్, మిరపతో కలుపుతారు. లెక్సింగ్టన్ వైపు భుజం మాంసం మాత్రమే, వెనిగర్‌లో కాస్త కెచప్ కూడా పడుతుంది. ఈ లెక్సింగ్టన్ వేరు, పైన చెప్పిన టెక్సాస్ పల్లె వేరు. మెంఫిస్‌లో మసాలా పొడి పట్టించిన రిబ్స్, అంటే పక్కటెముకల ముక్కలు. కాన్సాస్ సిటీలో తియ్యటి చిక్కటి సాస్. అలబామా ఉత్తరాన కోడికి మయోనైజ్, వెనిగర్ కలిపిన తెల్ల సాస్ పూస్తారు. చూడటానికి పెరుగులా ఉంటుంది, రుచి చూస్తే గానీ తేడా తెలియదు.

బీఫ్, పోర్క్ తినకపోతే

మనలో తినేవాళ్లున్నారు, తిననివాళ్లున్నారు. నేను తింటాను, మా నాన్న తినరు. ఆయన వచ్చినప్పుడు కూడా వెళ్తాం. టెక్సాస్‌లో పొగబెట్టిన టర్కీ ఛాతీ ముక్క అడగండి. మెత్తగా, చుట్టూ మిరియాల పెచ్చుతో, చాలాచోట్ల బ్రిస్కెట్‌కేమీ తీసిపోదు. చికెన్ ఎలాగూ ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది సాసేజ్ దగ్గర. లోపల చికెన్ అనో బీఫ్ అనో రాసున్నా, పైన తొడుగు పంది పేగుది కావచ్చు. "వాట్స్ ద కేసింగ్?" అని అడిగితే చెబుతారు. ఇంకొకటి, అన్ని మాంసాలూ ఒకే బల్ల మీద, ఒకే కత్తితో కోస్తారు. పట్టింపు ఉంటే బోర్డు, కత్తి మార్చి కోయమని మీ వంతు రాగానే, ఏదీ ఆర్డర్ చేయకముందే అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది మారుస్తారు. క్యూ బారెడుంటే కుదరదనేవాళ్లూ ఉంటారు. అంతకంటే నిష్ఠగా ఉండేవాళ్లకి డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల హలాల్ బార్బెక్యూ కొట్లు ఉన్నాయి, పోర్క్ సమస్య అక్కడ ఉండదు.

మటన్ లేదా అని బెంగపడేవాళ్లకి ఒక మంచి కబురు. కెంటకీలో ఓవెన్స్‌బొరో అనే ఊళ్లో బార్బెక్యూ అంటేనే గొర్రె మాంసం. ఒకప్పుడు అక్కడ గొర్రెల పెంపకం బాగా ఉండేది. ముదురు గొర్రె మాంసం మెత్తబడాలంటే గంటలకొద్దీ పొగలో ఉంచడమే దారి. నాష్‌విల్‌లో ఉండే మనవాళ్లు శనివారం కారులో వెళ్లి తిని సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

శాకాహారుల సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. తోడు కోసమైతే తీసుకెళ్లండి, భోజనానికైతే వద్దు. బీన్స్‌లో బేకనో బ్రిస్కెట్ తునకలో ఉంటాయి. ఆకుకూరలా కనబడే కాలర్డ్ గ్రీన్స్‌ని పంది కాలి ముక్క వేసి ఉడికిస్తారు. గ్రీన్ బీన్స్‌దీ అదే కథ. పొటాటో సలాడ్‌లో గుడ్డుంటుంది. మొక్కజొన్న పిండి పొర్లించి వేయించిన బెండకాయలు చూసి ప్రాణం లేచొస్తుంది గానీ, అదే నూనెలో చేపలు వేయించారేమో కనుక్కోవాలి. మిగిలేది మాకరోనీ చీజ్. దాని కోసం అంత దూరం ఎందుకు?

కౌంటర్ దగ్గర

మీ వంతు వచ్చేలోగా ఏ మాంసం, ఎంత బరువు, ఎంత కొవ్వు అనేవి తేల్చుకుని ఉండండి. క్యూలో ముందున్నవాళ్ల మాటలు చెవినేసుకుంటే సగం పని అయిపోతుంది.

పౌండు అంటే 454 గ్రాములు, అరకిలోకి కాస్త తక్కువ. మన కొట్టులో అరకిలో తెస్తే ఉడికి ముడుచుకుపోతుంది. ఇక్కడ ముడుచుకోవడమంతా అయిపోయాక తూకం వేస్తారు. కాబట్టి మనిషికి మూడోవంతు పౌండు సరిపోతుంది. గట్టిగా తినేవాళ్లకి అర పౌండు. నలుగురు పెద్దవాళ్లకి ముప్పావు పౌండు బ్రిస్కెట్, అర పౌండు టర్కీ, ఒక సాసేజ్, నాలుగు రిబ్స్ అంటే బ్రహ్మాండం. పావు పౌండు అడగడానికి సిగ్గుపడకండి, ఎవరూ ఏమనుకోరు. బ్రిస్కెట్ పౌండు 30 డాలర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి సిగ్గు ఖరీదవుతుంది. బీఫ్ రిబ్‌ని మాత్రం వేలు చూపించి "ఒకటివ్వండి" అనకండి. ఒక్క ఎముక పౌండు పైనే తూగుతుంది. పది డాలర్ల ముక్క అనుకుంటే ముప్పై దాటుతుంది.

బ్రిస్కెట్ అనగానే "లీన్ ఆర్ మాయిస్ట్?" అంటారు. కొన్నిచోట్ల మాయిస్ట్‌కి బదులు 'ఫ్యాటీ' అని సూటిగానే అడుగుతారు. ఛాతీ మాంసంలో రెండు కండలుంటాయి. ఒకటి పలచగా, కొవ్వు తక్కువగా ఉంటుంది, అది లీన్. దాని మీదుండేది లావుగా, కొవ్వు చారలతో ఉంటుంది, అది మాయిస్ట్. తెలియనివాళ్లు ఆరోగ్యం అని లీన్ అడిగి, ఎండిపోయిన ముక్క నమిలి, "ఇదేనా ఇంత గొప్ప" అంటారు. మొదటిసారి మాయిస్టే అడగండి. ఇంట్లో రెండు అభిప్రాయాలుంటే సగం సగం. డైటింగ్‌లో ఉన్నవాళ్లు ఆ రోజు మానేయాల్సింది ముక్కని కాదు, డైటింగ్‌ని.

ఇప్పుడు కోసే అతన్ని చూడండి, క్యూలో నిలబడ్డందుకు అదో వేడుక. వేడిపెట్టెలోంచి కాగితంలో చుట్టిన ముద్ద తీసి విప్పుతాడు. తారు రోడ్డు పెళ్ల లేచొచ్చినట్టు నల్లగా ఉంటుంది. మాడిపోయిందని కంగారుపడకండి. ఉప్పు, మిరియాలు, పొగ, కొవ్వు కలిసి కట్టిన పెచ్చు అది, బార్క్ అంటారు. బల్ల మీద పెట్టి అరచేత్తో ఒకసారి నొక్కితే మొత్తం జున్నుగడ్డలా ఊగుతుంది. కత్తి దించగానే పెన్సిల్ మందాన ముక్క ఒరిగి పడుతుంది, బల్ల మీద రసం పరుచుకుంటుంది. ఒక ముక్క వేలి మీద వేలాడేస్తే రెండు వైపులా తువ్వాలులా వంగాలి, తెగకూడదు. రెండు కొసలు పట్టి కొద్దిగా లాగితే మాత్రం ఊడొచ్చేయాలి. లాగినా రాకపోతే ఉడకలేదని, వంగకముందే పొడిపొడి అయితే ఎక్కువైందని. పెచ్చు ఎక్కువుండే చివరి ముక్క కావాలంటే అడగండి, మన అడుగంటిన బిర్యానీలాగా దానికీ అభిమానులున్నారు. బేరం లేకపోతే కొందరు రుచికి ఓ తునక కాగితం మీద పెట్టి ముందుకు తోస్తారు. తీసుకుని తినేయండి, అది మర్యాద.

మిరియాల పెచ్చు కింద గులాబీ రంగు గీత ఒకటి కనబడుతుంది. మా నాన్న చికెన్ కాలు విరిచి, తోలు కింద ఆ రంగు చూసి, "ఉడకలేదురా ఇది, తిరిగిచ్చేయ్" అని పట్టుబట్టారు. నేను మొహమాటపడుతుంటే ఆయనే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లారు. కోసే అతను నవ్వి, థర్మామీటర్ ముక్కలో గుచ్చి అంకె చూపించాడు. కోడికి 74 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు, అది ఎప్పుడో దాటేసింది. కట్టెల మంటలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని పట్టేసి ఉంచుతుంది. ఎంత ఉడికినా పోదు. నాన్న కాలు తిన్నారు గానీ, ఆ గులాబీ రంగు ముక్క మాత్రం కాగితం అంచుకి తోసేశారు.

కూర్చున్నాక

పచ్చి ఉల్లిపాయ, పికిల్స్ (మన ఆవకాయ కాదు, పుల్లగా ఊరేసిన దోసకాయ ముక్కలు), తెల్ల బ్రెడ్డు చాలాచోట్ల ఉచితం, మీరే వెళ్లి తెచ్చుకోవాలి. ఇవి అలంకారానికి పెట్టినవి కావు. బిర్యానీలో ఉల్లి, నిమ్మ చేసే పనే ఇక్కడ ఉల్లి, పికిల్ చేస్తాయి. రెండు ముక్కల మధ్య కొరకకపోతే నాలుగో ముక్కకే కొవ్వు మొహం మొత్తుతుంది. చేత్తోనే తినండి. ఈ విషయంలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పైన చెప్పిన క్రైట్స్ మార్కెట్‌లో ఏళ్ల తరబడి ఫోర్కులూ సాస్ కూడా ఇచ్చేవాళ్లు కాదు.

ఇప్పుడు ఇస్తున్నారు కదా అని ముందే సాస్ గుమ్మరించకండి. మొదటి రెండు ముక్కలు ఉత్తవే తినండి. పన్నెండు గంటలు కాసిన కష్టం తెలిసేది అప్పుడే. ఆ తర్వాత సాస్ పక్కన వేసుకుని అద్దుకోండి. కారం లేదని మనవాళ్లు తప్పకుండా అంటారు, నిజమే, ఉండదు. హలపేన్యో మిరపకాయలు అడిగి కొరుక్కోండి. టేబుల్ మీద 'టెక్సాస్ పీట్' హాట్ సాస్ కనబడితే అదీ వేసుకోవచ్చు, అయితే అది తయారయ్యేది నార్త్ కరోలినాలో.

టీ అంటే ఐసు వేసిన టీయే. స్వీట్ టీ పాకంలా ఉంటుంది. సగం తీపిది, సగం చప్పది కలిపి పోసుకోండి. ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. మాంసం ఎంత తిన్నా బనానా పుడ్డింగ్‌కి కాస్త చోటుంచుకోండి.

డబ్బు దగ్గర, టెక్సాస్ నగరాల్లో 8.25 శాతం టాక్స్ అదనం. కార్డు గీకగానే తెర మీద 18, 20, 25 శాతం టిప్పు అంటూ గళ్లు వెలుగుతాయి. అవి టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే చోట న్యాయం. ట్రే మీరే మోసుకెళ్లే చోట నేను 10 శాతం ఇస్తాను. కోసే అతను రుచి చూపించి, ఓపిగ్గా బోర్డు మార్చిన రోజు ఇంకాస్త ఎక్కువ ఇస్తాను. తిన్నాక కాగితం మడిచి చెత్తబుట్టలో మీరే వేయాలి.

మిగిలింది డబ్బాలో పెట్టించుకోండి. ఎండాకాలం టెక్సాస్‌లో కారులో గంటకి మించి వదిలేయకండి, పాడవుతుంది. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులుంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే చెప్పు తోలే. రేకులో చుట్టి, చెంచాడు నీళ్లు చిలకరించి, ఓవెన్‌లో సన్నగా వేడి చేయండి. మా ఇంట్లో అయితే టర్కీని చీలికలు చేసి, నూనెలో ఎండుమిరప, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఎర్రగా వేగాక వేసి, రెండు తిప్పులు తిప్పి దించేస్తాం. పప్పుచారు, అన్నంలోకి బాగుంటుంది. ఉప్పు మాత్రం వేయకండి, ముక్కకి ముందే పట్టించి ఉంటుంది.